ఎడమ దిక్కు బాక్సు

ఆ పొద్దున ఆకాశం ఎండకూ లొంగలేదు, వానకూ లొంగలేదు. నిజాంసాగర్ దిక్కున మబ్బు పేరుకొని, ముందుకు రాక, వెనక్కు పోక, పంచాయితీకి వచ్చి నోరు విప్పని పెద్దమనిషిలా అక్కడే కూర్చుంది. దాని అడుగున పొడుగాటి తెల్లటి చీలిక ఒకటి, ఓరగా వేసిన తలుపు సందులోంచి వెలుతురు కనబడ్డట్టు. వెంకట్రాములు వాకిట్లో నిలబడి, నోట్లో వేపపుల్ల కదపకుండా చాలాసేపు దాన్నే చూశాడు. వాన వస్తుందా రాదా అని ఆకాశాన్ని అడగడం అతనికి నాగలి పట్టిన నాటి నుంచీ అలవాటు. గాలి ఏ మూల నుంచి తిరిగిందో, కొంగలు ఎంత ఎత్తున పోతున్నాయో, చీమలు గుడ్లు మోస్తున్నాయో లేదో, ఏదో ఒక తీరుగా అది జవాబు చెప్పేది. ఇప్పుడు అది కూడా భాగ్యవతిలాగే తయారైంది. అడిగితే పలకదు. కోసిన వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప పోసి ఉన్నాయి. కొడుకు సాయిప్రసాద్ టార్పాలిన్లు బండి మీద వేసుకొని చీకటితోనే అక్కడికి పోయాడు. ఆ వడ్ల ఫికర్ ఉండవలసినదే, కానీ వెంకట్రాములు మనసులో ఉన్నది వడ్లు కాదు. వడ్లు తడిస్తే ఆరబోసుకోవచ్చు. ఇంట్లో మొగుడూ పెండ్లాల మధ్య మాట తడిసి ముద్దయి ఏడాది దాటింది, దాన్ని ఏ ఎండలో ఆరబోయాలో తెలియలేదు.

బర్లు పోయిన నాటి నుంచీ ఇదే వరస. నిరుటి వానకాలం భాగ్యవతి జ్వరంతో మంచం పట్టింది. చెవిలో ఏందో గుయ్యిమంటుందని ఒకసారి అన్నది, జ్వరం పోతే అదీ పోతదని అతనన్నాడు. తన మోకాళ్ళు చూస్తే కొట్టంలో వంగి లేవనిచ్చేట్టు లేవు. గడ్డి కోసేవాళ్ళు దొరకరు, పేడ ఎత్తేవాళ్ళు దొరకరు. మహమ్మద్ నగర్ దగ్గరి తండా నుంచి మోతీరాం వచ్చి, రెండు బర్లనూ కొని, పలుపులు పట్టుకొని తోలుకొని పోయాడు. పోతూ పోతూ పెద్ద బర్రె గడప ముందు ఆగి, లోపలి మంచం దిక్కు మెడ తిప్పి, గొంతులోనే ఒకసారి మూలిగింది. భాగ్యవతి లేచి తిరగగలిగిన రోజు, అలవాటుగా తౌడు గంప చంకన పెట్టుకొని కొట్టంలోకి పోయి, ఒట్టి గుంజల ముందు కాసేపు నిలబడి, గంప అక్కడే దించి వచ్చింది. ఆ మధ్యాహ్నం తిండి దగ్గర వెంకట్రాములు, తన జన్మలో ఎవరినీ అడగని మాట ఒకటి, పళ్ళెంలోకి చూస్తూ అడిగాడు. బర్లనమ్మి తప్పు చేసిన్నా అని. గట్టిగా అడగలేదు, అలాంటి మాట గట్టిగా అడగడం ఎవరికీ రాదు. ఆమె ముద్ద కలుపుతూనే ఉంది. నోట్లో పెట్టుకుంది. మళ్ళీ కలిపింది. తల కూడా ఎత్తలేదు. అతను మళ్ళీ అడగలేదు.

మాటలు తక్కువున్న మనిషికి ఒక్క మాట నేలపాలైనా నష్టం పెద్దది. ఆమె కోడలితో మాట్లాడుతుంది, కూరగాయల లచ్చితో గీసి గీసి బేరమాడుతుంది, నవ్వుతుంది. తన మాట దగ్గరికి వచ్చేసరికి ఒకసారి పలికితే పలుమార్లు పలకదు, తిండి దగ్గర అయితే అసలే పలకదు. ఇంత పట్టుదల ఏందని మొదట కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది, ఆ తర్వాత ఒక రకమైన గౌరవం కూడా పుట్టింది. నాగలికి కట్టిన కోడె కూడా ఇంతకాలం మొండికేయదు. ఇగ ఇద్దరం ఇట్లాగే మూతులు బిగించుకొని కాటికి పోతామేమో అనుకొని, అతను కూడా అడగడం తగ్గించాడు. ఇల్లు ఇల్లులాగే ఉంది, వంట అవుతుంది, పంట వస్తుంది, కొడుకు పెండ్లి అయింది, కొట్టం ఉన్నచోట హాలు లేచింది. ఆ హాలులోంచే ఇప్పుడు కోడలు శ్రీలత గొంతు వినబడింది.

“మామా, జర లోపటికి రాండ్రి. మీ చెవులతోని పని వడ్డది.”

“నా చెవులతోనా? ట్రాక్టర్ మీద కూసొని కూసొని సగం అరిగినయ్ బిడ్డా.”

“సగమున్నా సాలు. ఇంట్ల ఉన్న చెవులకే కదా ఇది పెట్టేది.”

నోరు కడుక్కొని లోపలికి పోతే హాలంతా వైర్లు, పొట్లకాయ పాదు ఎవరో పీకి పడేసినట్టు. టీవీ కింద నల్లటి హోం థియేటర్ రిసీవర్ డబ్బా, ముందర నీలం దీపం. సాయిప్రసాద్ ఎంతో మోజుపడి తెచ్చాడు దాన్ని. తెచ్చిన నాటి నుంచీ మాటలు గొణిగినట్టు, కొట్లాటలు మీద పడ్డట్టు వినిపిస్తున్నాయి. మాటల కోసం సౌండ్ పెంచితే బాంబులు పేలి పక్కింటి కోళ్ళు లేస్తాయి, బాంబుల కోసం తగ్గిస్తే హీరో పెదవులు మాత్రమే ఆడుతాయి. ఆ పిల్ల చీర కొంగు నడుముకు చెక్కుకొని, నోట్లో రెండు మేకులు పట్టుకొని, ఎనుక గోడకు ఒక బాక్సు తగిలించి దిగుతూ ఉంది.

“మీ కొడుకు అన్ని బాక్సులను పెండ్లి ఫోటోకు నిలవెట్టినట్టు టీవీ ముందట ఒక్క వరుసకు నిలవెట్టిండు. ఎనుక గోడకు మేకు కొట్టొద్దట, ఈశాన్యం మూలకు బరువు వెట్టొద్దట.”

“వాస్తు అయ్యగారు చెప్పిండు గట్ల.”

“అయ్యగారు సినిమాలు సూడడు కావచ్చు.” మేకులు నోట్లోంచి తీసి నవ్వింది. “బేస్ బాక్సు మాత్రం నైరుతికే వెట్టిన మామా. బరువు అక్కడనే ఉండాలె కదా, అయ్యగారు కూడా ఖుషీ.”

నైరుతి మూల. వెంకట్రాములు అటు చూశాడు. పెద్ద బర్రె గుంజ ఉన్న జాగ అదే. బండలు పరిచారు, సున్నం వేశారు, అయినా ముసురు పట్టిన రోజున ఆ మూల నుంచి పాత గడ్డి వాసన లేస్తుందని అతనికి అనుమానం, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడక్కడ నల్లటి పెద్ద పెట్టె, పడుకున్న బర్రె పడ్డలా. శ్రీలత బటన్ నొక్కింది, ఆ పెట్టె కడుపులోంచి ఒక మూలుగు లేచి బండల మీదుగా అతని అరికాళ్ళ దాకా వచ్చింది. చెవికి కాదు, కాళ్ళకు వినబడింది. పొద్దున్నే తౌడు కలిపేటప్పుడు బర్రె అనేది ఇలాంటి మాటే. ఏం యంత్రం చేశాడురా వాడెవడో అనుకున్నాడు. మనిషి కడుపులోకి దారి వేశాడు.

డబ్బాతో పాటు ఒక చిన్న మైకు వచ్చింది. మనిషి తల ఉండేచోట దాన్ని పెడితే అదే అన్నిటినీ సరిచూసుకుంటుందట. శ్రీలత స్టూలు మీద దాన్ని నిలబెట్టి, ఫ్రిజ్ ఆపి, తలుపులు మూసి, పెదవి మీద వేలు పెట్టింది. వెంకట్రాములుకు ఆ పని చేతకానిదేమీ కాదు, ఊపిరి కూడా బిగబట్టాడు. బాక్సులు ఒకదాని తర్వాత ఒకటి కీచుమని పలికాయి. ఇంతలో రోడ్డు మీద వరికోత మిషన్ పోయింది, వెంటిలేటర్‌లో పిచ్చుక రెక్కలు కొట్టింది, వంటింట్లో భాగ్యవతి పోపు వేసింది. చప్పుడు ఎక్కువైంది, మళ్ళీ మొదలుపెట్టమని టీవీలో అక్షరాలు వచ్చాయి. మళ్ళీ పెడితే మళ్ళీ అదే.

“దీనికి ఇల్లు సప్పుడు చేస్తె నచ్చదట మామా. మనుషులు లేని ఇంట్ల పెట్టుకోవాలె గీ డబ్బను.” మైకు వైరు పీకి చుట్ట చుట్టింది. “మా బాపు తీరుగ చేత్తోనే చేద్దాం.”

ఆమె తండ్రి నగేశ్‌కు జుక్కల్‌లో మైక్ సెట్టు ఉంది. అటు మరాఠీ ఊళ్ళలో, ఇటు తెలుగు ఊళ్ళలో, పెండ్లి గానీ జాతర గానీ అతని బాక్సులు మోగవలసిందే. సాయిప్రసాద్ పెండ్లి రోజున వెంకట్రాములు ఆ మనిషిని చూశాడు. పిల్ల తండ్రి అయివుండీ, అంత హడావుడిలో, మైకులో మంత్రాలు మొదలు కాగానే మిషన్ దగ్గర నుంచి లేచి, పట్టు పంచె ఎగ్గట్టి, జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ పందిరి చివరకు పోయి, గుంజకు ఆనుకొని కూర్చున్న ఒక పండు ముసలమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తల కొంచెం వంచి విన్నాడు. ముసలమ్మను మరాఠీలో ఏదో అడిగాడు, ఆమె తల ఊపింది. లేచి వచ్చి ఒక పిడి కొద్దిగా తిప్పాడు, మళ్ళీ పోయి కూర్చున్నాడు. వియ్యంకుడు ఏం చేస్తున్నాడో అక్కడ ఎవరికీ పట్టలేదు. వెంకట్రాములుకు పట్టింది. ముందు కూర్చున్నవాళ్ళకు ఎట్లయినా వినబడుతుంది, చివరున్న అవ్వకు వినబడితేనే పెండ్లయినట్టు అని తర్వాత భోజనాల దగ్గర నగేశ్ అన్నాడు, గొప్ప చెప్పుకున్నట్టు కాదు, ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు. ఆ మాటకు వెంకట్రాములు చేయి విస్తరి మీదే ఆగింది. కాలువకు నీళ్ళు వదిలిన నాడు వీళ్ళ తూము కింద కూడా కట్టుబాటు అదే. తూము పక్కనున్న మళ్ళు మొదట తడపరు. మొట్టమొదటి తడి ఆఖరు మడికి. పారలు పట్టుకొని వరుసగా గట్లు మూసుకుంటూ పోయి, ఎవరూ దొంగచాటుగా గండి కొట్టకుండా నిలబడి, ఆఖరు మడి అంచు తడిసిందని కేక వినబడ్డాకే మిగతా మళ్ళకు నీళ్ళు. అతని తండ్రి నేర్పాడు, తండ్రికి ఎవరు నేర్పారో. జుక్కల్‌లో కాలువ లేదు, అయినా ఆ మనిషికి అదే తెలిసింది. అటువంటివాని బిడ్డ ఇంటికి వచ్చిందని ఆనాడు లోపల సంతోషపడ్డాడు, పైకి మాత్రం పెరుగు వెయ్యమన్నాడు.

“దగ్గర ఉన్న బాక్సు మాట ముందొస్తది మామా, దూరం ఉన్నది ఎనుకొస్తది,” శ్రీలత రిమోట్‌తో ఏదో మారుస్తూ చెప్పింది. “అన్ని మాటలు ఒక్కపారే చేరాలంటే దగ్గరిదాన్ని జర ఆపాలె, దూరపుదానికి జర బలం ఇయ్యాలె.”

“నీళ్ళ వంతే.”

“ఆ?”

“ఏం లేదు. కానియ్యి.”

ఆమె వంటింట్లోకి పోయింది. తెరిచిన తలుపులోంచి కనబడుతుంది. పొయ్యి ముందు భాగ్యవతి నిలబడి ఉంది, వీపు ఇటు. శ్రీలత నేరుగా పోకుండా, నీళ్ళ బిందె పక్క నుంచి చుట్టూ తిరిగి, అత్త కుడిచేతి పక్కకు చేరి మాట్లాడింది. ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే, చుట్టు తిరిగి పోతుంది. మడికట్టు మీద నడిచినా, బావి గడ్డ మీద నిలబడ్డా, అత్త చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి అటు పక్కకే. ఏదో ఆనవాయితీ కాబోలు, జుక్కల్ దిక్కు అట్లా ఉంటుందేమో అని అతను ఊరుకున్నాడు.

“నాకెందుకే గివన్ని. పప్పు పొయ్యి మీదున్నది.”

“పప్పు సిమ్ముల వెట్టిన అత్తమ్మా. ఒక్క ఘడియ కూసోండ్రి. మీరు లేకుంట ఎవరి కోసం పెట్టుడు.”

భాగ్యవతి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వచ్చి అలవాటుగా వంటింటి గడప మీది పీటకు పోబోయింది. ఆమె జాగ అదే. అందరూ టీవీ దిక్కు మొహం పెట్టి కూర్చుంటే, ఆమె గడపలో అడ్డంగా, ఎదుటి గోడ దిక్కు మొహం పెట్టి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటుంది, టీవీ కుడిచెంప దిక్కు ఉంటుంది. నా మొహం చూడడం ఇష్టం లేక టీవీకి కూడా వెలి వేసింది అని అతను ఎన్ని సాయంత్రాలు అనుకున్నాడో. శ్రీలత ఆమెను నడుము పట్టి హాలు నడిమికి తెచ్చి, వెంకట్రాములు పక్కన, అతనికి కుడివైపు కుర్చీలో కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ పక్కపక్కన కూర్చోవడం నిజామాబాద్ బస్సులో తప్ప ఎప్పుడూ లేదు. ఆ బస్సులో కూడా మొన్న ఆమె అతన్ని లేపి, ఎడమ దిక్కు కిటికీ పక్కకు జరిగి కూర్చుంది. గాలి కోసమనుకున్నాడు, కాదు, దూరం కోసమనుకున్నాడు. పసుపు, పోపు, కొంచెం చెమట వాసన. మోచేయి అతని కుర్చీ చేతి మీదికి వచ్చి, మళ్ళీ తీసుకుంది.

“ఏ దిక్కు నుంచి ఇనవడ్తె ఆ దిక్కు చెయ్యి సూపియ్యుండ్రి, ఇద్దరు కూడ. నోటితోని చెప్పొద్దు, ఒకరిది ఒకరు ఇనొద్దు.” అత్త కుడిభుజం పక్కన వంగి ఆ మాటే మళ్ళీ చెప్పింది. తర్వాత గోడకు ఆనుకొని నిలబడి రిమోట్ నొక్కింది.

సుయ్యిమని చప్పుడు. ముందు ఎడమ బాక్సులోంచి. రాగం కాదు, మాట కాదు, తూము చెక్క ఒక జానెడు ఎత్తితే నీళ్ళు దూకే చప్పుడు. వెంకట్రాములు కళ్ళు వాటంతట అవే సగం మూతబడ్డాయి. కాలువ గట్టు, తడిసిన పంచె, పార మీద ఆనిన గడ్డం, అటు చివర మడి దగ్గర లాంతరు పట్టుకొని నిలబడ్డ కొత్త పెండ్లాం, నీళ్ళొచ్చినయ్ అని ఆమె కేక వేస్తే అన్ని మళ్ళు దాటుకొని ఆ గొంతు పిట్టలా వచ్చి వాలేది. అప్పుడు ఎంత దూరం నుంచి వినబడింది ఆ మనిషి మాట. అతను ముందు ఎడమకు చెయ్యి చూపాడు. చప్పుడు నడిమికి జరిగింది, చూపాడు. ముందు కుడికి, చూపాడు. ఎనుక కుడికి, ఎనుక ఎడమకు, ఇంటి చుట్టూ ఎవరో ఊరికే తిరిగి వస్తున్నట్టు. ఎంత చక్కగా తిరుగుతుంది. గోడలు ఉన్నాయన్న సంగతే మరిచిపోయేట్టు. ఈ పిల్ల ఒక గీత పెంచి, ఒక గీత తగ్గించి, చప్పుడును సమంగా మడులకు పారించినట్టు పారిస్తుంది, దాని మొహంలో ఆ నిదానం చూడు, ఆఖరు మడి అంచున నిలబడ్డవానికి ఉంటుంది అటువంటి నిదానం.

రెండో చుట్టులో అతను పక్కకు చూశాడు. ఊరికే చూశాడు. భాగ్యవతి చెయ్యి కూడా లేస్తుంది, అతను చూపిన దిక్కే చూపుతుంది. కానీ అతని చెయ్యి లేచి నిలబడ్డాక ఆమెది లేస్తుంది. నడుమ ఒక రెప్పపాటు. నీళ్ళు ఈ మడిలోంచి పక్క మడిలోకి దిగడానికి పట్టేంత సేపు. తూము దగ్గర నిలబడి జీవితమంతా ఆ ఆలస్యాన్ని చూసిన కళ్ళు, తప్పవు. మళ్ళీ చూశాడు. ఆమె టీవీ దిక్కు చూడడం లేదు. మెడ తిప్పకుండా, కనుగుడ్డు మాత్రం మూలకు తెచ్చి, అతని చేతిని చూస్తుంది. చప్పుడు ఎడమ ఎనుక నుంచి వస్తుంది, అతను కావాలని చెయ్యి ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. బాక్సు అతని నెత్తి మీద మోగినట్టు మోగుతుంది, ఆమె చేతులు ఒడిలో పెట్టుకొని, ఎదురుచూస్తూ కూర్చుంది, బస్సు రాని స్టేజీ దగ్గర కూర్చున్నట్టు.

మరో చుట్టు. ముందు కుడి బాక్సు మోగింది, ఆమె పక్కదే. ఆ చప్పుడుకు ఆమె చెంప కదిలింది, తల ఆ దిక్కు ఇంచుక ఒరిగింది, కుడిచెయ్యి వేళ్ళు లేవబోయాయి. వెంకట్రాములు, తను ఎందుకు చేస్తున్నాడో తనకే తెలియకముందే, చెయ్యి ఎత్తి ఎడమ ఎనుక దిక్కు, ఏ చప్పుడూ లేని మూలకు, చూపాడు. భాగ్యవతి వేళ్ళు ఆగిపోయాయి. ఒక రెప్పపాటు. తర్వాత తన చెవి పక్కన అంత గట్టిగా మోగుతున్న బాక్సును వదిలి, ఎడమచెయ్యి ఎత్తి, అతను చూపిన ఒట్టి మూలకే చూపింది.

తన చెవిని కాదని అతని చేతిని నమ్మింది. అతను చెయ్యి దించుకున్నాడు, దించి రెండు తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు, మళ్ళీ ఆ చెయ్యి లేవకుండా. అలిగిన మనిషి ఇట్లా నమ్ముతుందా. ఏడాది పొడుగునా అలిగిందనుకున్న మనిషి, గుడ్డివాడు కర్రను పట్టుకున్నట్టు తన చేతిని పట్టుకొని కూర్చుంది. చెవిలో గుయ్యిమంటుందన్నది. పోతదన్నాడు తను. గుయ్యిమనుడు పోయింది, దాని వెంట చెవీ పోయింది, ఎడమది. తిండి దగ్గర తను కూర్చునే జాగ ఏది, గోడ పక్క, ఆమెకు ఎడమ. లగ్గమైన నాటి నుంచీ అదే జాగ, కదిలింది లేదు. బర్లనమ్మి తప్పు చేసిన్నా. ఆ మాట ఎక్కడికి పోయింది మరి, ఆమె దాకా చేరనే లేదు, గోడకూ ఆమె చెవికీ మధ్య ఎక్కడో ఇంకిపోయింది. చేరని నీళ్ళకు మడిని తిట్టుకుంటూ కూర్చున్నాడు తను. ఆఖరు మడి సంగతి తెలిసినవాడు.

ఇంతకాలం ఎట్లా దాచింది. ఒక్కొక్కటీ ముందుకు వచ్చి నిలబడుతున్నాయి, అన్నీ కళ్ళముందు జరిగినవే. మంచం తలాపు మార్చింది, కాళ్ళకు గాలి తగలాలని చెప్పి, ఇప్పుడు పడుకుంటే కుడిచెవి తలుపు దిక్కు. కుక్కర్ విజిల్ వినడం మానేసి దాని మూత మీది ఆవిరిని చూస్తుంది. లచ్చి గంప దించితే గొంతు వినకముందే గడపలో పడ్డ నీడ చూసి లేస్తుంది. చుట్టాలు వస్తే మాట్లాడేవాళ్ళ పెదవులనే చూస్తూ ఉంటుంది, ఎంత శ్రద్ధగా వింటది వదిన అని అందరూ మెచ్చుకున్నారు. గడపలో అడ్డంగా కూర్చున్నది టీవీని వెలివేసి కాదు, ఉన్న ఒక్క చెవిని టీవీకి అప్పగించి. బస్సులో కిటికీ గాలి కోసం కాదు, దూరం కోసం కాదు, వినబడే చెవిని తన దిక్కు పెట్టడం కోసం. తను ఆ దారంతా నోరు విప్పలేదు. ఎందుకు చెప్పలేదో అతనికి అడగకుండానే తెలుసు. ఈ ఇంట్లోనే అతని తల్లి చివరి రోజుల్లో చెవులు పోయి, పిలిస్తే పలకక, ఒకటి అడిగితే ఒకటి చెప్పి, ఇంటిల్లిపాదీ నవ్వడానికి పనికివచ్చింది. చెవిటి మాలోకం అని నవ్విన వాళ్ళలో తనూ ఉన్నాడు. నవ్వనిది ఈ మనిషి ఒక్కతే, అత్త ముందు కూర్చొని చేతులతో చెప్పేది. చూసింది కాబట్టి దాచింది. దాచడానికి ఎంత తెలివి, ఎంత ఓపిక, పొద్దున లేచిన దగ్గర నుంచి ఎంత కాపలా. పొలం కాయడం ఒక పనా దీని ముందు. ఏడాదిగా తను మొండితనం అనుకొని గౌరవించింది ఒక దాన్ని, గౌరవించవలసింది దీన్ని.

తలెత్తితే శ్రీలత చూస్తూ ఉంది. అత్త చేతిని కాదు, అతన్ని. ఎప్పటి నుంచి తెలుసో ఈ పిల్లకు, వచ్చిన నాటి నుంచేనేమో, చుట్టు తిరిగి పోవడం జుక్కల్ ఆనవాయితీ కాదు, నగేశ్ బిడ్డ ఆనవాయితీ. ఆమె చూపు మళ్ళించుకొని రిమోట్ వెనుక మూత తీసి, ఏ చెడూ లేని బ్యాటరీలను వేలితో తిప్పి, మళ్ళీ పెట్టింది.

“అత్తమ్మా, కుర్చీ జర గిట్ల తిప్పుత. టీవీ అద్దం మీద ఎల్తురు పడుతుంది అక్కడ.”

వెలుతురు ఏమీ పడడం లేదు, బయట మబ్బు మబ్బుగానే ఉంది. అయినా ఆమె అత్తతో సహా కుర్చీని తిప్పింది, కుడిచెంప టీవీకి ఎదురయ్యేట్టు. అత్త పప్పు చూడడానికి లేచి పోయినప్పుడు ఆ కుర్చీలోనే శ్రీలత కూర్చొని, ఎడమచెవిని అరచేత్తో మూసుకొని విని, లేచి, నడిమి బాక్సుకు బలం పెంచింది, బేస్ తగ్గించింది, ఎడమ దిక్కు బాక్సుల్లోని చప్పుడు కొంత తెచ్చి కుడివాటిలో కలిపింది. ఎంతసేపు చేసిందో, ఎన్నిసార్లు కూర్చొని లేచిందో. అతను కదలకుండా చూశాడు. ఒక ఇల్లంతా ఒక చెవి చుట్టూ తిరిగి సర్దుకోవడం చూశాడు. అత్త మళ్ళీ వచ్చి కూర్చున్నాక ఆమె పెండ్లి వీడియో పెట్టింది. జనం సందడి, పిల్లల ఏడుపు, గాజుల చప్పుడు, మంత్రాలు, ఆడవాళ్ళ పాట, దేని జాగలో అది.

భాగ్యవతి వింటూ వింటూ ఉన్నట్టుండి పమిట నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

“ఏంది అత్తమ్మా?”

“మీ బాపు దగ్గుతుండే మైకుల. మంత్రాల నడుమ. వారీ, అందరి సప్పుడు సరి చేస్తడు, ఆయన దగ్గు ఆయనకు ఇనవడలేదా.”

శ్రీలత నవ్వు ఆపుకోలేక గోడకు జారి కూర్చుంది. వెంకట్రాములు ఆ దగ్గు వినలేదు. మళ్ళీ వెనక్కు తిప్పి పెడితే అప్పుడు వినబడింది, సన్నగా, మంత్రానికీ మంత్రానికీ మధ్య. ఉన్న ఒక్క చెవితో ఆమె పట్టుకుంది, రెండు చెవులున్న తను వదిలేశాడు.

పప్పు ఉడికిన వాసన హాలు దాకా వచ్చింది. సాయిప్రసాద్ ఫోన్ చేశాడు, కుప్పల మీద కప్పాను, చినుకు పడలేదు, పొద్దుగూకేసరికి వస్తానని. శ్రీలత వంటింట్లో చాపలు పరిచి పళ్ళేలు పెట్టింది. అతని పళ్ళెం గోడ పక్క, దాని కుడివైపు భాగ్యవతిది, ఆమెకు అటు పక్కన అన్నం గిన్నె, ఎప్పటిలాగే. వెంకట్రాములు కాళ్ళు కడుక్కొని వచ్చి, పళ్ళెం ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి, మోకాళ్ళు పట్టుకొని, పళ్ళెం ఒక చేత, నీళ్ళ చెంబు ఒక చేత తీసుకొని, భాగ్యవతి వెనుక నుంచి తిరిగి, అన్నం గిన్నెను కాలితో కాకుండా చెంబుతోనే మెల్లగా పక్కకు నెట్టి, ఆమెకు కుడివైపున కూర్చున్నాడు. శ్రీలత గరిట పట్టుకొని చూసింది, అన్నం పెట్టింది. భాగ్యవతి తల తిప్పి, గోడ పక్క ఖాళీ జాగనూ, ఈ పక్క మొగుణ్ణీ చూసింది.

అతను పళ్ళెంలోకి చూస్తూ, ఏడాది కింద అన్నంత మెల్లగానే అన్నాడు.

“బర్లనమ్మి తప్పు చేసిన్నా?”

ఆమె చెయ్యి అన్నం మీద ఆగింది. అతని పెదవులను చూడలేదు. చూడకుండానే వినబడింది. అన్నంలో పప్పు కోసం గుంట చేస్తూ, తనూ అంత మెల్లగానే అన్నది.

“గిన్ని దినాలకా అడిగేది.”

ముందే అడిగానని అతను చెప్పలేదు. ఆమె గొంతులో కోపం ఉందో లేదో వెతకబోయి మానేశాడు. ఆమె గరిట తీసుకొని అతని పళ్ళెంలో పప్పు వేసింది, నెయ్యి వేసింది, ఇగ తిను అన్నట్టు గడ్డంతో చూపింది. బయట ఆకాశం ఏం చేస్తుందో ఎవరూ చూడలేదు. ముగ్గురూ తిన్నారు. మధ్యలో భాగ్యవతి మామిడికాయ తొక్కు గిన్నె అందుకొని, చూడకుండానే అలవాటుగా గోడ దిక్కు జరిపింది. చెయ్యి ఖాళీ జాగ మీద ఆగింది. గిన్నెను వెనక్కు తెచ్చి, ఈ పక్కకు జరిపింది.